జిడ్డు

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది. వినసొంపైన పేరే. ఆ పేరుతో ఆమెను పిలిచేది మాత్రం బ్యాంకులో గుమాస్తా ఒక్కడే, అదీ కాగితం మీద చూసి. మిగతా లోకానికంతా ఆమె జిడ్డు. రేవు పక్కన పడవలు బాగుచేసే షెడ్లు వరుసగా ఉంటాయి. అక్కడికి వెళ్లి "జిడ్డుగారి షెడ్డు ఎక్కడండీ?" అని అడిగితే ఆడుకునే పిల్లలు ఆట ఆపకుండానే చెయ్యి చూపిస్తారు. పాలవాడు గేటు దగ్గర నిలబడి "జిడ్డమ్మగారూ, పాలు!" అని కేకేస్తాడు, పాపం ఎంతో మర్యాదగా. కూతురి స్నేహితురాళ్లు "జిడ్డాంటీ" అంటారు, అదేదో ముద్దుపేరు అనుకుని. కట్టుకున్నవాడు కూడా మనసు బాగున్న రోజున "ఏమే జిడ్డూ" అంటాడు. ఆ పూట ఆయన కంచంలోకి కూర ఉప్పు లేకుండా వస్తుంది. ఎందుకలా వస్తుందో ఆ అమాయకుడికి ఇంతవరకూ తెలియదు.

మనం మాత్రం ఆ పేరుతో పిలవద్దు. పిలిచిన ప్రతివాణ్నీ ఆమె గుర్తుపెట్టుకుంది, ఆ గుంపులో మనం కొత్తగా చేరడం దేనికి? చేసే పనిని బట్టి పాలిష్ ఆవిడ అందాం. ఫైబర్ పడవకు దెబ్బ తగిలిన చోట పూడ్చి, పైన జెల్‌కోట్ అనే మెరుపు పూత వేసి, రుద్ది మెరిపించడం ఆమె పని. తలకు గట్టిగా చుట్టిన గుడ్డ, మణికట్టు దాకా చొక్కా చేతులు, నడుము దగ్గర దోపుకున్న తుడుపు గుడ్డ, ఎప్పుడు చూసినా అదే వేషం. ఫైబర్ పొడి ఒంటి మీద పడితే ప్రాణం తీసే దురద. ఎంత దురద పుట్టినా ఆమె గోకదు, గోకితే ఇంకా లోపలికి దిగుతుందని తెలుసు. మనుషుల విషయంలోనూ ఆమె పద్ధతి అదే. కోపిష్టివాళ్లు అరిచేసి, ఏడ్చేసి, సాయంత్రానికి మర్చిపోతారు. ఆమె అరవదు, ఏడవదు, మర్చిపోదు.

పగంతా ఒక్క మనిషి మీద. రోడ్డుకు అవతల, సరిగ్గా ఆమె షెడ్డుకు ఎదురుగా ఉన్న పెద్ద యార్డు మేస్త్రీ మీద. ఆయన పరాయివాడు కూడా కాదు. ఆమె తల్లికి తోడబుట్టిన అన్న, సొంత మేనమామ.

తండ్రి పోయాక తల్లి ఆమెను అన్నగారి యార్డులో పనికి పెట్టింది. మేస్త్రీ చేతికి ఎమిరీ పేపరు ఇచ్చి రుద్దమన్నాడు. రుద్దింది. నీళ్లు పోసి రుద్దింది, పొడిగా రుద్దింది, గోళ్లు అరిగేదాకా రుద్దింది. రుద్దుతూ రుద్దుతూ ఆమెకొక సంగతి పట్టుబడింది. తెలుపు ఒకటే తెలుపు కాదు. ఎండలో ఉన్న పడవ తెలుపు వేరు, నీడలో కట్టేసిన పడవ తెలుపు వేరు, వెన్న తెలుపు వేరు, సున్నం తెలుపు వేరు. ఆమె పసుపు చుక్కో నలుపు చుక్కో కలిపి ఇచ్చిన జెల్‌కోట్ వేస్తే అతుకు ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. ఒకసారి ఒక పడవ యజమాని నలుగురిలో అనేశాడు, "మేస్త్రీగారూ, ఈసారి నా పని మీ మేనకోడలి చేత చేయించండి, మీ అతుకులు కనబడుతున్నాయి" అని. మేస్త్రీ పెద్దగా నవ్వాడు. ఆ నవ్వులో ఆయన పళ్లు మాత్రమే ఉన్నాయి.

ఇక్కడ కాస్త పని సంగతి చెప్పుకోవాలి, లేకపోతే ఆయన చేసిన ద్రోహం అర్థం కాదు. జెల్‌కోట్ పెయింటు లాంటిది కాదు, వదిలేస్తే దానంతటది ఆరదు. హార్డెనర్ కలిపితేనే గట్టిపడుతుంది. ఎండ ఎక్కువుంటే హార్డెనర్ తగ్గించాలి, లేకపోతే తొందరగా బిగిసి పగుళ్లిస్తుంది. చలిగా ఉంటే కాస్త పెంచాలి, లేకపోతే బిగుసుకోనే బిగుసుకోదు. ఈ సంగతి యార్డులో అందరికీ తెలుసు, హార్డెనర్ ఎర్ర డబ్బాలో అందరి ముందే ఉంటుంది. తెలియనిది ఇంకోటుంది. ఎంత సరిగ్గా హార్డెనర్ కలిపినా, గాలి తగిలే పైపొర పూర్తిగా గట్టిపడదు. లోపల రాయిలా ఉంటుంది, పైన వేలు పెడితే అంటుకుంటుంది. ఆ జిడ్డు పోవాలంటే చివరి పొరలో ఇంకో మందు పడాలి. కింది పొరలో మాత్రం ఆ మందు పడకూడదు, పడితే దాని మీద వేసే పొర పట్టుకోదు.

ఆ మందు మేస్త్రీ గదిలో, అరలో ఉండేది. రెండు గోధుమరంగు సీసాలు, అచ్చం కవలల్లా. కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి. దేని మీదా చీటీ లేదు, గీత లేదు. ఒకటి పైపొరకు, ఇంకోటి కింది పొరను పలచన చెయ్యడానికి. ఏది ఏదో మేస్త్రీకే ఎరుక. మందు పోసేటప్పుడు అందరికీ వీపు చూపించి పోసేవాడు. వెనకనుంచి ఆయన మోచెయ్యి ఒక్కటే కనబడేది. "మామయ్యా, అదేం మందు?" అని ఆమె అడిగితే, "పని మందు" అనేవాడు. "నాకూ చెప్పవా?" అంటే, "నీకెందుకే, రుద్దుకో" అనేవాడు. అయినా ఆమె ఆ మోచేతిని చూస్తూనే ఉండేది. కింది పొరకు ఎడమ మోచెయ్యి లేస్తుంది, పైపొరకు కుడి మోచెయ్యి లేస్తుంది. అంతవరకూ దొంగిలించగలిగింది.

ఒకరోజు మేస్త్రీ ఆమెను పిలిచి, షోకైన మోటారు పడవలో సీటు చూపించి, "ఇది మొత్తం నువ్వే చెయ్యి" అన్నాడు. ఆమెకు కాళ్లు నేల మీద నిలవలేదు. రంగు కలిపింది, హార్డెనర్ ఎండను చూసి కొలిచింది, బ్రష్షు జాడ కనబడకుండా వేసింది. చివరి పొర ముందు వెళ్లి, "మామయ్యా, మందు పోస్తావా?" అని అడిగింది. ఆయన తల కూడా ఎత్తలేదు. "దీనికక్కర్లేదు పో. అదే ఆరుతుంది" అన్నాడు.

మర్నాడు పడవ యజమాని వచ్చాడు, తెల్ల ప్యాంటు వేసుకుని. సీటు కంటికి అద్దంలా మెరుస్తోంది. ఆమె వేలితో తాకి చూసేలోపే మేస్త్రీ అడ్డం వచ్చి, "కూర్చోండి సార్, కూర్చుని చూడండి, మా మేనకోడలి పనితనం" అన్నాడు. ఆయన కూర్చున్నాడు. హాయిగా కాళ్లు చాపాడు. లేవబోయాడు, లేవలేకపోయాడు. గట్టిగా లేస్తే పర్రున శబ్దమొచ్చింది. ప్యాంటు వెనక భాగం సగం సీటు మీదే ఉండిపోయింది.

యార్డంతా పగలబడి నవ్వింది. టీ పట్టుకొచ్చిన మేస్త్రీ భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆపుకోలేక. మేస్త్రీ అయితే తొడ చరుచుకుని, "చూశారా, మా పిల్ల... పిల్ల కాదు, మా జిడ్డు! ఇవాళ్టి నుంచి దీని పేరు జిడ్డు!" అన్నాడు. ఆ పూటంతా ఆమె ఆ సీటు ముందు మోకాళ్ల మీద కూర్చుని గోళ్లతో దారప్పోగులు పీకింది. ఒక్కరంటే ఒక్కరు తుడుపు గుడ్డ తెచ్చివ్వలేదు. ఆయన మర్చిపోయి అలా చెయ్యలేదు, కావాలనే చేశాడు. అది ఆమెకు తెలుసు. ఆమెకు తెలిసిందని ఆయనకూ తెలుసు.

ఆ మర్నాటి నుంచే ఆమె మేనమామను "మీరు" అనడం మొదలుపెట్టింది. అప్పటిదాకా "నువ్వు" అనేది, పుట్టిన దగ్గర్నుంచి అలాగే అంది. "పిల్లకు బుద్ధొచ్చింది, పెద్దాచిన్నా తెలిసొచ్చింది" అని బంధువులు మెచ్చుకున్నారు. మేస్త్రీ కూడా పొంగిపోయాడు. అది గౌరవం కాదని, ఆయన్ని ఇంటి మనిషి లెక్కలోంచి తీసేసిందని ఒక్కరికీ తట్టలేదు.

ఆ సీటు రోజుతోనే యార్డులో పని మానేసి ఇంట్లో కూర్చున్న రోజుల్లో ఆమె ఒక చెక్క ముక్క మీద జెల్‌కోట్ వేసి చూస్తూ ఉండేది. అన్నిసార్లూ జిడ్డే. ఒక సాయంత్రం కరెంటు పోతే తల్లి కొవ్వొత్తి వెలిగించి ఆ చెక్క పక్కనే పెట్టింది. మైనం బొట్లు చెక్క మీద కారాయి. పొద్దున్నే చూసుకుని తల్లి మీద విసుక్కుంటూ ఆ బొట్లను గోటితో ఊడదీసింది. ఊడదీసిన చోట వేలు పెట్టింది. జిడ్డు లేదు. పక్కన పెట్టింది, జిడ్డు. మళ్లీ బొట్టు కింద పెట్టింది, గాజులా నునుపు. గాలి తగలకపోతే ఆరుతోంది! గాలికి అడ్డం వేసేది మైనం!

చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా పడవలకు వాడే రెజిన్ జిగురు అమ్మే కొట్టుకు పరిగెత్తింది. "జెల్‌కోట్‌లో కలిపే మైనం మందేమైనా ఉంటుందా?" అని అడిగింది, గొంతు తగ్గించి, దొంగసొత్తు అడుగుతున్నట్టు. కొట్టువాడు వింతగా చూసి, "లేకేమమ్మా, అదిగో, ఆ అరనిండా అదే. పైపొరలో కాస్త కలుపుతారు, మైనం తేలి పైకొచ్చి గాలి తగలకుండా కప్పేస్తుంది. మీ మామయ్యకి ఎప్పటినుంచో నేనేగా ఇచ్చేది" అన్నాడు. ఆయన వీపు చాటున దాచిందీ, ఆమె బతుక్కి మాయని పేరు తెచ్చిందీ, డబ్బు పారేస్తే ఎవడికైనా దొరికే కొట్టు సరుకు. అంతవరకూ ఆమెది ఉక్రోషం. ఆ కొట్టు మెట్లు దిగేటప్పటికి పగైంది.

సొంత షెడ్డు పెట్టుకోవడానికి వేరే వీధుల్లో చవగ్గా చోటు దొరికింది. ఆమె వెళ్లలేదు. పట్టుబట్టి మేస్త్రీ యార్డుకు ఎదురుగానే పెట్టింది. రోజూ ఆయన గేటు తెరిచేసరికి తాను కనబడాలి, అంతే. పెళ్లైంది, కూతురు పుట్టింది, పని పెరిగింది. ఆమె చేతిలో పడిన పడవ అతుకు కనబడదన్న పేరు నలుదిక్కులా పాకింది. అయినా పాకిందంతా ఆ దిక్కుమాలిన పేరుతోనే. "జిడ్డుగారు చేస్తే జిడ్డుండదు" అని జనం మెచ్చుకోలుగా అనేవాళ్లు. మెచ్చుకున్నప్పుడల్లా ఆమె కడుపు మండేది. ఎదుటివైపు నుంచి మేస్త్రీ రోజూ "ఏమే జిడ్డూ, తిన్నావా?" అని అరిచేవాడు, ప్రేమ ఒలకబోస్తూ. "తిన్నాను మామయ్యా, మీరు తిన్నారా?" అనేది ఆమె. ఆయన చావాలని ఆమె ఎన్నడూ కోరుకోలేదు. చస్తే ఏముంది, నలుగురూ మంచివాడంటారు. జిడ్డన్న ఆ మాట ఆయన నోటితో, ఆయన పనిని చూసుకుని, ఆయనే అనాలి. అదే యార్డులో, అలాగే నలుగురి ముందు. ఆమె కోరిక అంతే, దాని కోసం ఎంతకాలమైనా ఆగుతుంది.

మేస్త్రీ ముసలివాడయ్యాడు. కళ్లకు పొర కమ్మింది, ఆపరేషనంటే భయపడి వాయిదా వేస్తున్నాడు. ఏళ్ల తరబడి రెజిన్ అంటి వేళ్లు మొద్దుబారాయి, వేడి టీ గ్లాసు కూడా తెలియకుండా పట్టుకుంటాడు. అయినా ఠీవి తగ్గలేదు. ప్రయాణికుల లాంచీ డెక్కు మొత్తానికి కొత్త జెల్‌కోట్ వేసే పని ఒప్పుకున్నాడు. "ఇది నా చివరి పెద్ద పని, దీని మీద నడిచినన్నాళ్లూ జనం నన్ను తలుచుకోవాలి" అని కనబడినవాడికల్లా చెప్పుకున్నాడు.

డెక్కు పని రేపు మొదలవుతుందనగా, మధ్యాహ్నం పూట మేస్త్రీ భార్య సంచి పట్టుకుని పాలిష్ ఆవిడ షెడ్డులోకి వచ్చింది. అటూ ఇటూ చూసి సంచి విప్పింది. లోపల రెండు గోధుమరంగు సీసాలు.

"ఏంటత్తయ్యా ఇవి?" అంది పాలిష్ ఆవిడ, ఏమిటో తెలిసి కూడా.

"నా ఖర్మ! అరకి చెదలు పట్టిందని సీసాలు దించి కడిగిపెట్టాను. ఏది కుడిపక్కనుండేదో, ఏది ఎడమపక్కనుండేదో గుర్తులేదే తల్లీ. ఏదో ఒకలా పెట్టేశాను. మీ మామయ్య చోటు చూసి తీసుకుంటాడు తప్ప, ఇప్పుడాయన కంటికి ఆనవు, వేలికి తెలీవు. నేను ముట్టుకున్నానంటే చంపేస్తాడు. ఏది ఏదో కాస్త నువ్వు చెప్పవే. ఆయన భోంచేసి పడుకున్నాడు, లేచేలోపు పెట్టెయ్యాలి."

పాలిష్ ఆవిడ రెండు సీసాలనూ వెలుతురులో ఎత్తి చూసింది. చూడ్డానికి ఒకటే. వాటిని తీసుకెళ్లి వెనకగదిలో ఫ్రిజ్‌లో పెట్టి, అత్తయ్యకు మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టింది. కాసేపయ్యాక తలుపు తీసి చూస్తే, ఒక సీసాలో మందు తేటగా ఉంది, ఇంకోదాంట్లో అడుగున తెల్లగా మబ్బు కమ్మింది. చల్లబడితే మైనం పేరుకుంటుంది. మబ్బు కమ్మిన సీసా మూతి అంచున చిన్న పెచ్చు ఊడి ఉంది, గుర్తు పట్టడానికి అది చాలు.

"ఈ పెచ్చూడింది ఎటువైపు పెట్టావు?" అని అడిగింది.

"ఎడమపక్క."

పాలిష్ ఆవిడ అటు తిరిగింది, మొహం కనబడకుండా. ఆ మోచెయ్యి ఆమెకు ఇంకా కళ్లకు కట్టినట్టే ఉంది. పైపొరకు కుడి, మైనం ఉండాల్సింది కుడిపక్క. తారుమారయ్యాయి. ఇప్పుడామె నోరు మూసుకుని ఊరుకుంటే చాలు. మేస్త్రీ తన చేతులతో తానే కింది పొరలో మైనం పోస్తాడు, పైపొరలో పొయ్యడు. కింది పొరకు పైపొర అంటుకోదు, పైపొర మాత్రం జనం చెప్పులకు అంటుకుంటుంది. లాంచీ బయల్దేరే రోజున దండలు వేసే పెద్దమనుషులు ఒక్కొక్కరే చెప్పులు వదిలేసి దిగడం, వాళ్ల వెంట డెక్కు తోలు పొరలు పొరలుగా లేచి రావడం ఆమెకు కనిపించింది. ఆ ఊహ ఎంత తియ్యగా ఉందంటే, ఆమె ఫ్రిజ్ తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయింది.

ఊరుకోకుండా ఆపింది దయ కాదు. జాలి అసలే కాదు. మేస్త్రీ గురించి ఆమెకు బాగా తెలుసు, డెక్కు పాడైతే సరుకు కల్తీ అంటాడు, తేమ అంటాడు, పనివాళ్లను తిడతాడు. తప్పు ఆయన గడప తొక్కదు. ఆమె ఎదురుచూసిన మాట ఆయన నోట్లోంచి రాదు. ఇన్నేళ్లు పెంచుకున్న పగను తేమ ఖాతాలో వేసుకోవడం ఆమెకు ఇష్టం లేకపోయింది.

సీసాలు చల్లదనం పోయి తేటపడేదాకా ఎండలో ఉంచి, సంచిలో పెట్టి ఇచ్చింది. "ఎలా తెచ్చావో అలాగే పెట్టెయ్ అత్తయ్యా. పెచ్చూడింది ఎడమపక్కే. పొద్దున్నే నేనొస్తాను."

"సరిగ్గానే ఉన్నాయన్నమాట!" అని అత్తయ్య గుండెల మీద చెయ్యి వేసుకుంది.

పాలిష్ ఆవిడ అవుననలేదు, కాదనలేదు.

పొద్దున్నే రోడ్డు దాటి, ఆ సీటు రోజు తర్వాత మొదటిసారి ఆ యార్డులో కాలు పెట్టింది. పనివాళ్లు చేతిలో పనులు ఆపేశారు. మేస్త్రీ మెడ ముందుకు చాచి, కళ్లు చికిలించి పోల్చుకున్నాడు. "ఎవరూ, జిడ్డేనా? దారి తప్పావా?"

"మీ పని చూద్దామని వచ్చాను మామయ్యా" అంది. "డెక్కు మీద వేసేముందు పైపొర ఒక చెక్క మీద వేసి చూపించండి. మీరే కలపండి, మీ సీసాల్లోదే పొయ్యండి, మీ చేత్తోనే వెయ్యండి. ఎండకి ఎలా ఆరుతుందో చూసి పోతాను. ఇంత పెద్ద పని కదా, కళ్లు కూడా సరిగ్గా కనబడట్లేదంటున్నారు జనం."

చివరి మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. "ఎవడే అన్నది? కళ్లతో పనేంటి, నా చేతులకే కళ్లున్నాయి! చెక్క తెండిరా!" అని అరిచాడు మేస్త్రీ.

జెల్‌కోట్ కలిపాడు. హార్డెనర్ సరిగ్గానే కొలిచాడు, అందులో ఆయనకు వంక పెట్టలేం. తర్వాత గదిలోకి వెళ్లి, అలవాటు చొప్పున అందరికీ వీపు చూపించి నిలబడ్డాడు. కుడి మోచెయ్యి లేచింది. పాలిష్ ఆవిడ దాన్నే చూసింది. ఇన్నాళ్లూ ఆ మోచేతి వెనక ఏముందో తెలియక ఆమె ఓడిపోయింది. ఇవాళ ఏముందో తెలియంది ఆయనకు.

చెక్కను ఎండలో పెట్టారు. ఆమె ఒక ఖాళీ డ్రమ్ము బోర్లించుకుని దాని ఎదురుగా కూర్చుంది. తెచ్చుకున్న క్యారేజీ అక్కడే తింది. పనివాళ్లు అటూ ఇటూ తిరుగుతూ ఆమెను చూస్తున్నారు, చెక్కను చూస్తున్నారు, ఏదో జరగబోతోందని వాసన పట్టారు గానీ ఏమిటో తెలియలేదు. అత్తయ్య కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. ఎండ వాలేసరికి చెక్క మీద జెల్‌కోట్ అద్దంలా మెరుస్తోంది.

"చూసుకో!" అన్నాడు మేస్త్రీ, ఛాతీ విరుచుకుని. "ఎలా ఉంది?"

"కంటికి బాగానే ఉంది. చెయ్యి వేసి చూడండి."

"వేలితో చూస్తే చాల్లే."

"వేలికి మీకు తెలియదు కదా మామయ్యా. అరచెయ్యి వెయ్యండి."

మేస్త్రీ అరచెయ్యి మొత్తం ఆనించి నొక్కాడు. తియ్యబోయాడు. చెక్క చేతితోపాటు లేచింది. ఇంకో చేత్తో చెక్కను అదిమిపట్టి లాగాడు, చర్మం సాగింది. ఆయన మొహంలో రంగు దిగిపోవడం ఆమె దగ్గరినుంచి చూసింది, కళ్లారా చూసింది. మొద్దుబారిన ఆ చేతికి కూడా అది తెలిసింది.

"ఎవడ్రా నా సీసాలు ముట్టుకున్నది?" అన్నాడు మేస్త్రీ. గొంతు పైకి లేవలేదు. కిటికీలో అత్తయ్య పక్కకు తప్పుకుంది.

"ఎవరు ముట్టుకుంటే ఏముంది? సీసాల మీద పేరు రాసుంటే ఎవరు ముట్టుకున్నా ఒకటే. డెక్కు మీద కూడా ఇదే పోసేవాళ్లు మీరు" అంది పాలిష్ ఆవిడ. డ్రమ్ము మీదినుంచి లేచి ఆయన ఎదురుగా నిలబడింది. పనివాళ్లు చుట్టూ మూగారు. "ఇంతకీ దీన్ని ఏమంటారు మామయ్యా?"

"ఇంకా ఆరలేదు. అంతే."

"ఆరక అంటుకుంటుంటే ఏమంటారు? మీరు పెట్టిన పేరే కదా. ఈ యార్డులోనే, ఇలాగే అందరూ ఉండగా పెట్టారు. నాకు గుర్తుంది, మీకూ గుర్తుంది. చెప్పండి. చెప్తేగానీ నేను కదలను."

మేస్త్రీ చెక్క వంక చూశాడు. అంటుకున్న తన చేతి వంక చూశాడు. ఆమె ఆగింది. ఆగడం ఆమెకు కొత్త కాదు.

"జిడ్డు" అన్నాడు మేస్త్రీ.

"ఆఁ, మామయ్యా" అంది ఆమె.

అనేశాక గానీ ఏమందో ఆమెకు వినబడలేదు. ఏళ్లకేళ్లుగా రోడ్డు అవతలి నుంచి ఆ గొంతు ఆ మాట అంటే పలికిన నోరు, అలవాటు చొప్పున పలికేసింది. యార్డులో ఎవరూ నవ్వలేదు. ఒక పనివాడు తల దించుకుని కాలితో ఇసుక కెలికాడు. ఆరోజు లాగే పగలబడి నవ్వి ఉంటే ఆమెకు ఇంతకంటే తేలిగ్గా ఉండేది. ఇన్నేళ్లు కాపాడుకున్న ఒక్క క్షణాన్ని తన నోటితో తానే పాడుచేసుకున్నానని ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. గెలిచి కూడా ఆ పేరు తనదేనని అందరి ముందూ ఒప్పుకున్నట్టైంది.

మేస్త్రీ తల ఎత్తాడు. పొర కమ్మిన కళ్లతో ఆమె మొహాన్ని వెతుక్కుంటూ కాసేపు చూశాడు.

"నిన్ను కాదే" అన్నాడు. "దీన్ని."

ఆమె అనాలని దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. అద్దం ముందు నిలబడి నేర్చుకున్నవి, గిన్నెలు తోముతూ పదును పెట్టుకున్నవి. ఒక్కటీ నోటికి రాలేదు. గబగబా ఆయన గదిలోకి వెళ్లి అరలోంచి సీసాలు రెండూ తెచ్చి, అందరి మధ్యా డ్రమ్ము మీద పెట్టింది. సంచిలోంచి నల్లరంగు డబ్బా, సన్నటి కుంచె తీసింది. అవి ఇంటి దగ్గరే సంచిలో సర్దుకుని వచ్చింది. పెచ్చూడిన సీసా మీద యార్డు చివర్నుంచి కూడా కనబడేంత అక్షరాలతో "మైనం, పైపొరకు" అని రాసింది. రెండోదాని మీద "పలచన, కింది పొరకు" అని రాసింది. పనివాళ్లు మెడలు చాచి కూడబలుక్కుని చదివారు. ఒకడు, "ఓస్, ఇంతేనా?" అన్నాడు. మేస్త్రీ బతుకంతా వీపు వెనక దాచుకున్నది ఇంతే. చెక్క చేతికి వేలాడుతుండగా ఆయన ఆ మాట విన్నాడు. ఆమె తొందరపడలేదు, అక్షరాలు ఆరేదాకా ఊదుతూ కూర్చుంది.

అప్పుడు నడుము దగ్గరి తుడుపు గుడ్డ తీసి, రంగు వదిలించే థిన్నర్లో ముంచి, ఆయన చేతికివ్వకుండా చెక్క మీద పడేసింది.

"చెయ్యి తుడుచుకో" అంది.